కిరీటం దించని దొర

మొన్న పొద్దున ఫోను మోగింది. ఆయన మనవడు. "తాత పోయినాడత్తా" అన్నాడు. నేను ఏ వరసలోనూ అతనికి అత్తను కాను. కానీ పేటలో పుట్టినవాళ్ళం ఏదో ఒక వరస పెట్టుకుని పిలుచుకుంటాం, అది అలవాటు. నిండు వయసులో, నిద్రలోనే పోయాడట. వచ్చేవారం సంతాపసభ పెడుతున్నారట. "మీ నాయనా మా తాతా ఎన్నేండ్లు కలిసి ఆడినారో పేటకంతా తెలుసు. మీ నాయన పోతే పాడె కూడా మా తాతే మోసినాడంట గదా. మీరొచ్చి రెండు మంచి మాటలు చెప్పాల" అన్నాడు.

మంచి మాటలే కావాలంటే ఇంకో ఇల్లు చూసుకో నాయనా అన్నాను. పాపం, ఆ పిల్లవాడు ఫోను పెట్టేయడం కూడా మరిచిపోయాడు. అతని మీద నాకేమీ కోపం లేదు. అతని తాత మీద ఉంది. ఇన్నేళ్ళయినా చల్లారలేదు, చల్లార్చుకోవాలన్న తొందర కూడా నాకు లేదు. పోయినవాళ్ళను తిట్టకూడదని నాకూ తెలుసు. తిట్టను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. అది తిట్టులా వినిపిస్తే ఆ తప్పు నాది కాదు.

ఆయన్ని మా పేటంతా దొర అనేది. అది ఆయన పేరు కాదు, ఏటేటా ఆయన వేసే వేషం. బెంగుళూరు చిక్కపేట వెనక సందుల్లో మగ్గాలమీద బతికే తెలుగువాళ్ళం మేము. ఆయనా మాలాగే గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేసినవాడే. కానీ గుంటలో కూర్చున్నా సింహాసనం మీద కూర్చున్నట్టే కూర్చునేవాడు. పడుగులో అటూ ఇటూ దారం మోసే నాడె చేయి జారి కిందపడితే వంగి తీసుకునేవాడు కాదు. "ఎవర్రా అక్కడ" అనేవాడు. ఎవరూ లేకపోతే, ఎవరైనా వచ్చేదాకా మగ్గం ఆగిపోయేది. ఆయన భార్య వంటింట్లోంచి తడిచేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి, ఆ నాడె తీసిచ్చి వెళ్ళేది. ఇది నేను కళ్ళారా చూశాను.

మా ఇళ్ళకు ద్వారబంధాలు పొట్టివి. ఎంతటివాడైనా తల వంచి లోపలికి రావలసిందే. ఆయన ఎత్తు మనిషి. అయినా మెడ వంచేవాడు కాదు, మోకాళ్ళు వంచేవాడు. తలపాగాతో నిటారుగా ఉన్న తల, నిటారుగా ఉన్న మీసం అట్లాగే ఉండగా మనిషి మాత్రం మోకాళ్ళ దగ్గర మడతపడి, గడప దాటి, మళ్ళీ లేచేవాడు. చిన్నప్పుడు మేం ఆడపిల్లలం అది చూసి, ఇంటి వెనక ఆయనలాగే నడిచి చూపించుకుని, కడుపు పట్టుకుని నవ్వుకునేవాళ్ళం. ఆయన రావడం చూస్తే మాత్రం నోరు మూసుకునేవాళ్ళం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బియ్యం అంగడి ముందు పేటంతా వరసలో నిలబడితే, ఆయన నేరుగా ముందుకు వెళ్ళి నిలబడేవాడు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. "దొర గదప్పా, పోనీ" అనేవాళ్ళు. ఆ పోనీలోనే ఉంది మా పేట తెలివి అంతా.

ఇక ఆ వేషం సంగతి చెప్పాలి, లేకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. మా పెద్దలు ఎప్పుడో ఈ ఊరికి వలస వచ్చినప్పుడు మగ్గం సామానుతో పాటు ఒక పాత ఇతిహాసాన్ని కూడా తెచ్చుకున్నారు. అందులో ఎనిమిది దిక్కులూ గెలిచిన ఒక రాజున్నాడు. ఆయన పేరు మా పేటలో పైకి పలకరు. పలికిన ఇంటికి ఆయన పొగరు వచ్చి చేరుతుందని నమ్మకం. అందుకే కథలోనూ దొరే, వేషం కట్టినవాడూ దొరే. నేనూ ఆ పేరు రాయను. నమ్మకం ఉండి కాదు, చేయి రాక.

ఆ రాజు తన కోటకు ఒక ఆజ్ఞ పెడతాడు. పొద్దు గుంకాక ఎవరు వచ్చినా తలుపు తీయరాదు, చివరికి నేను వచ్చినా సరే అని. ఒకనాడు వేటకు పోయి తానే ఆలస్యంగా వస్తాడు. ముసలి కావలివాడు "ఎవరు" అని అడుగుతాడు. రాజు తన బిరుదులన్నీ ఊపిరి తిప్పుకోకుండా చదువుతాడు. అయినా కావలివాడు తలుపు తీయడు, తెల్లవారాకే తీస్తాడు. తన ఆజ్ఞే పాటించినందుకు రాజు నిండుకొలువులో ఆ ముసలివాణ్ణి రొమ్ముమీద తంతాడు. కథ అక్కడ మొదలవుతుంది. ఆపైన యుద్ధాలు, గెలుపులు, గర్వం. ఆ తరువాత ఓటమి. తమ్ముళ్ళు పోతారు, సేన పోతుంది, తలమీద కిరీటం తప్ప ఏమీ మిగలదు. ఊరూరా తలుపులు తడతాడు, ఒక్కరూ తీయరు. చివరికి ఒక సాయంత్రం తన కోటకే వస్తాడు. అప్పటికే పొద్దు గుంకింది. లోపలినుంచి అదే కావలివాడు "ఎవరు" అంటాడు. ఈసారి రాజు "నేను" అంటాడు, అంతే. తలుపు తీయమని అడగడు. ఆజ్ఞ తనదే కదా. గడప బయట నేలమీద కూర్చుని తెల్లవారేదాకా కాచుకుంటాడు. తెల్లవారి కావలివాడు బయటికి వస్తే, కిరీటం తీసి అతని కాళ్ళ దగ్గర పెట్టి, నిన్ను తన్నిన కాలు ఇదే, క్షమించు అని మొక్కుతాడు. కావలివాడు రెండు చేతులా అతన్ని లేపి, "లెయ్యి దొరా, తెల్లారింది" అని కోట తలుపులు బార్లా తెరుస్తాడు.

నన్నడిగితే అంత ఇతిహాసమూ ఆ ఒక్క రంగం కోసమే పుట్టింది. ఎనిమిది దిక్కులు గెలవడానికి ఆ రాజుకు వయసూ బలమూ చాలాయి. ఒక గడప బయట నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకునేసరికి జుట్టు నెరిసింది. బిరుదులు చదివిన నోరే నేను అనడం నేర్చుకుంది. అంతకు ముందున్నదంతా ఆ మనిషి ఎంత దూరంనుంచి నడిచి వచ్చాడో మనకు తెలియడానికే.

కానీ మా పేటలో ఆ రంగం ఆడరు. నేను పుట్టకముందు, ప్లేగు వచ్చిన ఏడు, ఆ రంగంలో కిరీటం దించారట. ఆ నెలలోనే పేటలో ఎలుకలు రాలాయట. ప్లేగు బెంగుళూరంతా వచ్చింది. మా నాటకం మొహం కూడా చూడని, తెల్ల సిపాయిలుండే దండు ప్రాంతంలోనూ వచ్చింది. అయినా మా పెద్దలు ఆలోచించి ఆలోచించి, దొర కిరీటం దించడంవల్లే ఇంత అరిష్టం అని తేల్చారు. అప్పటినుంచి కులానికి పెద్ద అయిన యజమాని గుళ్ళో కిరీటానికి పూజచేసి, వేషగాడి తలకు పట్టుదారంతో కట్టి ముడివేస్తాడు. మంగళం పాడి తిరిగి గుడికి వెళ్ళేదాకా ఆ ముడి విప్పరు. అది తలమీద ఉన్నంతసేపూ వేషగాడు కన్నతండ్రికి కూడా తల వంచకూడదు. ఇక చివరి రంగం ఎలా ఆడతారు? దాన్ని కత్తిరించి పారేశారు. ఓటమిని గెలుపు చేశారు. పట్టాభిషేకం పెట్టి మంగళం పాడేశారు. అంటే మా పేట ఏటేటా చూసిన రాజు మొదట ముసలివాణ్ణి తంతాడు, చివర సింహాసనం ఎక్కుతాడు. అది చూసి పిల్లాపెద్దా చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోతారు.

ఆ కావలివాడి వేషం మా నాయనది.

యుద్ధం వచ్చాక రాత్రి దీపాలమీద కట్టడి పెట్టారు. దాంతో రాత్రంతా ఆడే నాటకాన్ని మధ్యాహ్నం భోజనాల తరువాత మొదలుపెట్టి దీపాలవేళకు ముగించడం మొదలైంది. రాత్రి కాగడాల వెలుగులో ఏది తన్నో ఏది నటనో తెలిసేది కాదు. పగలు అన్నీ తెలిశాయి. తన్ను నటన కాదని నాకు తెలిసింది అప్పుడే. పాత వేషగాళ్ళు కాలు ఎత్తి రొమ్ముకు జానెడు దూరంలో ఆపేవాళ్ళట, కావలివాడే వెనక్కి పడేవాడట. ఈయన ఆపేవాడు కాదు. మా నాయన వయసులో ఆయనకంటే పెద్ద. దొర కాలు తగిలిన చప్పుడు నాకు ఆడవాళ్ళ వైపు కూర్చున్నచోటికి వినిపించేది. నాయన దొర్లి పడేవాడు. జనం ఈలలు వేసేవాళ్ళు. ఆయన మీసం దువ్వుకుంటూ జనం వైపు తిరిగి, ఇంకో ఈల పడేదాకా నిలబడేవాడు.

ఇంటికి వచ్చాక మా అమ్మ ఉప్పు మూట వేడిచేసి నాయన రొమ్ముకు కాపడం పెట్టేది. "రొంత నిదానంగా తన్నమని చెప్పేదానికి ఏమి నీకు? నోరు లేదా?" అనేది.

"తన్నకపోతే కథ నడవదు గదే" అనేవాడు నాయన. "నటన అంటే నిజం ఉండాల అంటాడు ఆయన."

"అట్లయితే సింహాసనం కూడా నిజంగా ఇచ్చేయమను" అనేది అమ్మ. మా ఇంట్లో నాకు వచ్చిన కోపమంతా అమ్మ పోలికే.

ఆయనలో మంచి లేదని నేననను. అదే వచ్చిన చిక్కు. యుద్ధం రోజుల్లో ఒకసారి తప్పతాగిన తెల్ల సోల్జరు ఒకడు దండునుంచి దారితప్పి మా సందులోకి వచ్చాడు. ఇల్లిల్లూ తొంగిచూస్తూ, మగ్గాలమీద పడుగు దారాలు వేలితో మీటుతూ, ఆడవాళ్ళను చూసి ఏదేదో వాగుతూ తిరిగాడు. మగవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ లోపలికి తప్పుకున్నారు. మా నాయన కూడా. దొర ఒక్కడే పంచె సర్దుకుని బయటికి వచ్చి, సందు మధ్యలో నిలబడి, వాడి మొహంలోకి చూస్తూ రాజు బిరుదులన్నీ చదివాడు. మొదటినుంచి చివరిదాకా, వేదికమీద చదివినట్టే. ఆ తెల్లవాడికి ఒక్క ముక్క అర్థమై ఉండదు. కానీ చదవడం అయ్యేసరికి వాడు బూట్లు రెండూ దగ్గరకు చేర్చి సలాము కొట్టి, వచ్చిన దారినే పోయాడు. ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టానా అని ఇప్పుడూ అనుకోను. కొట్టవలసిందే. ఆ గొంతు అటువంటిది, ఆ నిలబడడం అటువంటిది. ఆ మెడకు అంత బలముందని తెలిసే కదా, అది ఒక్కసారి వంగడం చూడాలని అంత ఆశ పుట్టింది.

యుద్ధం ముగిసిన తరువాత అత్తిబెలె దగ్గర ఒక పల్లెలో జాతరకు మా వాళ్ళను ఆడమని పిలిచారు. రెండు ఎడ్లబండ్లమీద హోసూరు రోడ్డు పట్టుకుని పోయాము. అమ్మ పుట్టిల్లు అటే కాబట్టి అమ్మనూ నన్నూ కూడా తీసుకుపోయారు. అక్కడా పగటిపూటే ఆడారు. తన్నూ అయింది, యుద్ధాలూ అయినాయి, పట్టాభిషేకమూ అయింది. మంగళం పాడారు. జనం లేవలేదు. రాగిచేలల్లోంచి వచ్చిన రైతులు, ఒళ్ళో పిల్లలతో ఆడవాళ్ళు, అందరూ కూర్చున్నచోటే కూర్చుని సింహాసనం వైపు చూస్తున్నారు.

దొర కాసేపు చూసి, "అయిపాయెనప్పా, లెయ్యండి" అన్నాడు.

ముందు వరసలో ఒక ముసలమ్మ వక్కాకు నములుతూ కూర్చుని ఉంది. "యాడ అయిపాయె?" అంది నిదానంగా. "కావలోడిని తన్నితివి గదా. దానికి మొక్కేది యాడ పాయె?"

వాళ్ళకు ఆ కథ తెలుసు. వాళ్ళ ఊరి ఆటగాళ్ళు చివరి రంగం ఏటేటా ఆడతారట. కిరీటం దించుతారట. ఊరికి ఏ కీడూ రాలేదట. దొర మొహం కందగడ్డ అయింది. "మా పేట పద్ధతి వేరే" అని విసవిసా తెర వెనక్కి పోయాడు. జనం గొణుక్కుంటూ లేచారు. ఆ ముసలమ్మ మాత్రం మా నాయన దగ్గరికి వచ్చి, రంగు పులిమిన ఆయన మొహం తేరిపార చూసి, "నీకు బాకీ ఉండాదప్పా" అని వెళ్ళిపోయింది.

అన్నేళ్ళూ తన్ను తినడమే తన వేషం అనుకున్న మనిషి, అది సగం వేషమేనని ఆ రోజు తెలుసుకున్నాడు.

ఇంకొన్నాళ్ళకు, ఆ ఏటి నాటకానికి పూజ దగ్గరపడుతుండగా, దొర మా అరుగుమీద కూర్చుని ఆకువక్క వేసుకుంటున్నాడు. నాయన పక్కన నిలబడ్డాడు. ఆయన ఎదుట నాయన కూర్చోవడం నేను చూడలేదు.

"దొరా, ఈ ఏడు కడా రంగం ఆడదామా?" అన్నాడు నాయన.

"ఏ రంగమప్పా?"

"తెలీనట్ల అడుగుతావే. తెల్లారే రంగం."

దొర నవ్వాడు. "కిరీటం దించితే ఏమైతాదో నీకు తెలుసునా? పేటలో పీనుగులు లేస్తాయి."

"అత్తిబెలె పక్క ఆడతానే ఉండారు గదా. ఊరు సుఖంగానే ఉండాది."

"అది పల్లె. ఇది పేట."

నేను గుమ్మం లోపల దారం చుడుతూ వింటున్నాను. ఇక అడగడనుకున్నాను. అడిగాడు. "నేను జాస్తి ఏమీ అడగతా లేను దొరా. ఇన్నేండ్లు తన్నించుకొంటిని. తన్నేది జనమంతా చూసిరి. తప్పాయని నువ్వు చెప్పేది కూడా ఆ కథలోనే ఉండాది. ఆ సగం నాకు రాలేదు. కావలోడికి కథంతటికీ ఉండేది ఒగే మాట. 'లెయ్యి దొరా, తెల్లారింది' అని. ఆ మాట ఒగసారి ఈ పేటలో చెప్పి వేషం ఇడిసిపెడతా. నాకు ఇంకేమీ వద్దు."

"అది నాటకమప్పా" అన్నాడు దొర. "నీకూ నాకూ ఏముండాది దాంట్లో?"

"నాటకమే అయితే దించేదానికి నీకేమి కష్టం?"

దొర ఆకువక్క ఉమ్మి, పైపంచె దులిపి లేచిపోయాడు. మరునాడు యజమాని మా ఇంటికి వచ్చి, నాయనతో కాదు, అమ్మతో చెప్పాడు. "నీ మొగుడికి చెప్పమ్మా, పేటలో గలాటా పెట్టొద్దని. అంత బేజారుగా ఉంటే కావలి వేషం ఇంకొకరికి ఇస్తాము." అంతటితో అయింది. తన్ను తినే హక్కు కూడా పోతుందని బెదిరించారు, మేం భయపడ్డాం. ఆ ఏడూ తన్నాడు, ఆ మరుసటి ఏడూ తన్నాడు. కథకు బలమని చెప్పి ఇంకా గట్టిగా తన్నాడు.

అదే స్వరాజ్యం వచ్చిన కాలం. ఊరంతా జెండాలు. సంస్థానాలు పోతున్నాయని, పెద్ద పెద్ద రాజులే సింహాసనాలు దిగుతున్నారని పేటలో పేపరు చదివేవాళ్ళు గొంతెత్తి వినిపించేవాళ్ళు. అందరూ సంతోషపడ్డారు, దొర కూడా మిఠాయి పంచాడు. నిజం కిరీటాలు దిగిపోతున్న ఏడాదిలో అట్టముక్కకు కాకిబంగారం అంటించిన కిరీటాన్ని దించడానికి మా పేటలో ఒక్కడికీ ధైర్యం లేకపోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మరుసటి ఎండాకాలానికి నాయన మంచం పట్టాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇక మగ్గం ఎక్కకూడదన్నాడు డాక్టరు. తన్నులవల్ల అని డాక్టరు అనలేదు. నేనూ అనను. నేతపనివాళ్ళకు ఆ జబ్బు కొత్త కాదు. నాయన లేచే ఆశ లేదని పేటంతా తెలిసింది. అందరూ వచ్చి చూసి పోయారు. ఒక్క దొర రాలేదు. నాయన అడగలేదు కానీ, వీధిలో ఎవరి చెప్పుల చప్పుడైనా తల అటు తిప్పేవాడు. "దొరకు మన వాకిలి పొట్టిదాయె" అని అమ్మ సణిగేది.

ఒక మధ్యాహ్నం వచ్చాడు. భోజనాలై, మగ్గాలన్నీ ఆగి, సందంతా కునుకు తీసే వేళ. అమ్మ నీళ్ళకు వెళ్ళింది. నేనొక్కదాన్నే ఉన్నాను. ఎప్పటిలాగే మోకాళ్ళు వంచి లోపలికి వచ్చాడు. వచ్చి, "తలుపు వెయ్యి పాపా" అన్నాడు.

వేశాను. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆయన మంచం దగ్గరికి పోలేదు. తలుపు పక్కనే, చెప్పులు విడిచేచోట, నేలమీద కూర్చున్నాడు. ఆయన నేలమీద కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. నాయన వైపు చూసి, "అడుగప్పా" అన్నాడు.

నాయనకు వెంటనే అర్థమైంది. దగ్గు ఆపుకుని, దిండుమీద కొంచెం లేచి, గొంతు సవరించుకుని, "ఎవరు?" అన్నాడు.

"నేను" అన్నాడు దొర.

ఆ గొంతు నేను ఎరగను. పేటంతా ఎరగదు. బిరుదులు చదివిన గొంతులో అంత చిన్న మాట ఎక్కడ దాచుకున్నాడో. కాసేపు ఇద్దరూ ఊరుకున్నారు. కథలో అది తెల్లవారడానికి పట్టే సమయం. తరువాత ఆయన లేచి మంచం దగ్గరికి వచ్చి తలపాగా విప్పాడు. నడినెత్తిమీద వెంట్రుక లేదు, లేత చర్మం మెరుస్తోంది. అది ఎవరికీ కనపడకుండా అన్నేళ్ళు ఎలా కాపాడుకున్నాడో. తలపాగా నాయన కాళ్ళ దగ్గర పెట్టాడు. మోకాళ్ళమీద కూర్చుని, మెడ వంచి, నాయన పాదాలకు నుదురు ఆనించాడు. "తన్నిన కాలు నాదే. తప్పాయ. క్షమించు" అన్నాడు. ఆ మాటలు కథలోవే. ఏడుపు మాత్రం కథలోది కాదు. భుజాలు కదిలిపోతున్నాయి. నాయన పాదాలు తడిశాయి.

అది నటన అయివుంటే నేను ఆయన్ని ఎప్పుడో క్షమించేదాన్ని. నటన కాదు. ఆయనకు తెలుసు. తాను చేసింది తెలుసు, చేయవలసింది తెలుసు, చేయడం వచ్చు. వచ్చి ఉండి, జనం ఎదుట తన్నినవాడు తలుపు వేయించి మొక్కాడు. అందుకే నాకు కోపం.

కానీ నాయనకు కోపం లేదు. నాయన మొహం ఎంత వెలిగిందో నేను మాటల్లో చెప్పలేను. ఆయనకు తలుపు వేసి ఉన్న సంగతి కూడా గుర్తులేదు. కథలో కావలివాడు కాసేపు ఆగి, అప్పుడు చేతులు చాచాలి. నాయన ఆ పద్ధతి తప్పలేదు. ఆయాసపడుతూనే ఆగాడు. ఆగి, రెండు చేతులూ ముందుకు చాచాడు. నోరు తెరిచాడు.

వీధిలో చెప్పుల చప్పుడు. యజమాని గొంతు. "దొర ఈ పక్క వచ్చినట్ల ఉండెనే?"

దొర లేచాడు. ఎంత త్వరగా లేచాడంటే నాయన వేళ్ళు ఆయన భుజాలకు తగలనే లేదు. తలపాగా అందుకుని, నాలుగు చుట్లు చుట్టి, పంచె కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. మెడ నిటారయింది. "ఈడనే ఉండా. కావలోడికి ఒళ్ళు ఎట్లుండాదో చూసిపోదామని వస్తిని" అని వీధికి వినిపించేలా అన్నాడు. తానే గడియ తీసుకుని, మోకాళ్ళు వంచి, వెళ్ళిపోయాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ సందు చివరికి పోవడం వినిపించింది.

మళ్ళీ వస్తాడని నాయన నాలుగురోజులు చూశాడు. రాలేదు. పాడె మోయడానికే వచ్చాడు. అది మాత్రం పట్టపగలు, పేటంతా చూస్తుండగా మోశాడు.

ఆ మధ్యాహ్నం ఆయన వెళ్ళిపోయాక తలుపు తెరిచే ఉంది, ఎండ మంచందాకా వచ్చింది. నాయన తెరిచిన నోరు మూయలేదు. "మాట నోట్లోనే ఉండిపాయె పాపా" అన్నాడు కాసేపటికి. ఆ చేతులు ఇంకా ముందుకు చాచే ఉన్నాయి. ఎవరూ లేనిచోటికి చాచిన ఆ చేతులను నేనే పట్టుకుని దుప్పటి మీదికి దించాను.